మడ్డి గుంటలో కెమిస్ట్

పామాయిల్ రిఫైనరీ కెమిస్ట్‌ను మడ్డి గుంటలోంచి కొక్కెంతో పైకి లాగారు. నోట్లో, ముక్కులో, కళ్ళలో చిక్కటి గోధుమరంగు జిడ్డు. ఆ ఫొటో చూసి ఏజెంట్ ముంగిస చేతిలోని టీ కప్పు పక్కన పెట్టేశాడు.

“ప్రమాదమేనా చీఫ్?”

“పోలీసులు అలాగే అనుకుంటున్నారు. పోయేముందు మనకో మెసేజ్ పంపాడు. ఆసుపత్రుల బయోడీజిల్‌లో మోసం ఉందని. వెనక విదేశీ ముఠా. రేపట్నుంచి రెండు రోజులు గ్రిడ్ మరమ్మతు. అరవై ఆసుపత్రులు జనరేటర్ల మీదే నడవాలి. ఇవాళ పదకొండింటికి ఆ డీజిల్ ట్యాంకర్లు రిఫైనరీ నుంచి బయలుదేరతాయి. అక్కడి ల్యాబ్ ఇన్‌ఛార్జ్ మన మనిషే. కోడ్ మాట ‘గొడుగు’. నువ్వు మడ్డి ఎత్తే కూలీవి.”

“ఇంకో వేషమే దొరకలేదా?”

“నీ మొహానికి ఇదే నప్పింది.”

పదిన్నరకి ముంగిస మోకాళ్ళ లోతు మడ్డిలో ఉన్నాడు. ముడి పామాయిల్ నుంచి వేరుచేసిన జిగురు, పులిసిన కొవ్వు. ఆ కుళ్ళు వాసన గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది.

“గొడుగు తెచ్చారా?”

గట్టు మీద తెల్లకోటు, ఎర్రటి హై హీల్స్, ముక్కు దగ్గర సెంటు రుమాలు. సినిమా తార దారితప్పి వచ్చినట్టుంది ల్యాబ్ మేడమ్.

“చిల్లు పడింది,” అన్నాడు ముంగిస.

“నూనె శుభ్రంగా ఉంది. నేనే సంతకం పెట్టాను. ఆ రొచ్చులోంచి బయటికి రండి, పాపం.”

ముంగిస బయటికొచ్చాడు. ఆమె అటు తిరగగానే రిఫైన్డ్ ట్యాంకు కుళాయి విప్పి, సీసాలో నాలుగు చుక్కలు పట్టి, పెన్ను నొక్కాడు. అందులో ఉన్నది సిరా కాదు, గులాబీరంగు క్షారం. శుద్ధి చేసిన నూనెలో ఆ రంగు నిలవాలి. రెప్పపాటులో మాయమైంది.

నూనెకి రంగు మాత్రమే తీసి, ఆమ్లం అలాగే వదిలేశారు! దాంతో చేసిన బయోడీజిల్‌లో సబ్బు కడుతుంది. జనరేటర్ల ఫిల్టర్లు పూడుకుపోతాయి. ఆపరేషన్ మధ్యలో దీపాలు ఆరిపోతాయి.

“పెన్ను కింద పడెయ్.”

మేడమ్ చేతిలో బుల్లి పిస్టల్.

“కెమిస్ట్‌ని తోసింది నువ్వేనా?”

“‘అమ్మా, చెయ్యివ్వమ్మా’ అని ఒకటే అరుపులు. అంత జిడ్డు చెయ్యి ఎలా పట్టుకుంటాను?”

మడ్డి కంటే ఆ మాటే ముంగిసకి ఎక్కువ రోత పుట్టించింది. మడ్డి కారుతున్న చేతులు రెండూ చాపి, కౌగిలించుకోబోతున్నవాడిలా ముందుకి నడిచాడు.

“ఛీ! దగ్గరికి రాకు!”

ఆమె వెనక్కి అడుగేసింది. జిడ్డు నేల మీద హీల్ జారింది. తూటా పైకప్పుకి తగిలింది. ముంగిస పిస్టల్ లాక్కుని ఆమెను పైపుకి కట్టేశాడు.

పదకొండు. మొదటి ట్యాంకర్ గేటు వైపు కదిలింది. ఎంత అరిచినా డ్రైవర్‌కి వినపడలేదు. ముంగిస మడ్డి బకెట్ ఎత్తుకుని పరుగెత్తి, అద్దం నిండా కుమ్మరించాడు. బ్రేకులు కీచుమన్నాయి. ట్యాంకర్ గేటుకి అడ్డంగా ఆగిపోయింది. దాని వెనక ఒక్క బండీ కదలలేదు.

“కళ్ళు నెత్తికెక్కాయా?” అని డ్రైవర్ మీదికొచ్చాడు. వాసన తగిలి అక్కడే ఆగిపోయాడు.

మేడమ్ ఫోనులోని నంబర్లతో సాయంత్రానికి ముఠా మొత్తం దొరికింది. ఆసుపత్రులకి వేరే డీజిల్ వెళ్ళింది. చీఫ్ కారు గేటు ముందు ఆగింది.

“దేశం నిన్నెప్పటికీ మర్చిపోదోయ్!” అన్నాడు చీఫ్, ముక్కు పట్టుకుని.

ముంగిస కారు తలుపు మీద చెయ్యి వేశాడు.

“నువ్వు మాత్రం నడిచి రా.”