రెండు తలుపుల వెనక ఒకే గొంతు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆ ఇంట్లో రెండు సంభాషణలు జోరుగా సాగుతున్నాయి. మాట్లాడే మనుషులు మాత్రం ఎవరూ లేరు.

వంటింటి గోడలోంచి మృణాళిని గొంతు, ముదిరిపోయిన బీరకాయలు పంపితే తిప్పి పంపేస్తానని కూరగాయల దుకాణాన్ని బెదిరిస్తోంది. హాలు గోడలోంచి సుధన్వ గొంతు, వ్రతం ఫొటోలు ఇంకా రాలేదేమని అలిగిన రాజమండ్రి బాబాయిని బుజ్జగిస్తోంది. అసలు మృణాళిని, అసలు సుధన్వ బాల్కనీలో నేలమీద ఎదురెదురుగా కూర్చుని ఒకే పళ్ళెంలో పెసరట్టు తింటున్నారు. అల్లం ముక్క కనబడినప్పుడల్లా ఆమె దాన్ని వేలితో అతని వైపు తోస్తోంది. అతను మళ్ళీ ఇటు తోస్తున్నాడు. కాకినాడ సముద్రపు గోడ మీంచి వచ్చే గాలికి ఆమె పసుపుతాడు ఇంకా కొత్త వాసన వేస్తోంది. పెళ్ళయి పదహారు రోజులు.

ఈ తీరిక అంతా మాటనీడల చలవ. పుట్టిన దగ్గర్నుంచీ మనిషి అన్న ప్రతి మాటనూ దాచుకుని, అతని గొంతుతో, అతని ధోరణిలో, అతనికి బదులు మాట్లాడే యంత్రబుద్ధి అది. వాదనలు, పలకరింపులు, క్షమాపణలు అన్నీ అదే చూసుకుంటుంది. నీడ మాట్లాడేముందు చిన్న గంట మోగాలని చట్టం. కాని తల్లులు ఊరుకోలేదు. కడుపున పుట్టినవాడికి ఫోన్ చేస్తే గంట మోగడమేమిటని పోరుపెట్టారు. దాంతో ‘ఆత్మీయుల జాబితా’లో ఉన్నవాళ్ళకు గంట మోగకుండా చట్టాన్ని సవరించారు. నిశ్చితార్థమైన మర్నాడే సుధన్వ తన జాబితాలో మృణాళిని పేరు చేర్చాడు. ఆ సంగతి తెలిపిన సందేశాన్ని ఆమె ఆ రోజు పదకొండుసార్లు చదువుకుంది.

భోజనాలయ్యాక కౌముది పెళ్ళికానుక విప్పారు. కౌముది సుధన్వ అక్క. పెట్టెలో రెండు లీనముసుగులు, ఒక ఆట ఉన్నాయి. ముసుగు తలకు తొడుక్కుంటే ఆటలోని చలి చర్మానికి, చీకటి కళ్ళకు, వాసన ముక్కుకు తగులుతాయి. ఆట పేరు ‘ధ్రువనౌక’. అట్ట మీద కౌముది చేతిరాతతో ఒక చీటీ: ‘మా తమ్ముడు పిరికిగొడ్డు. గట్టిగా పట్టుకో మరదలా.’

“పిరికిగొడ్డేంటండీ, వదినకి మరీను,” అంది మృణాళిని.

“చిన్నప్పుడు బల్లిని చూసి బట్టల బీరువాలో దాక్కున్నాను. అది కూడా లోపలికొచ్చేసింది. అప్పట్నుంచీ ఈ పేరు.”

ముసుగులు తొడుక్కోగానే ఎదురుగా ఒక ప్రశ్న వెలిగింది. ‘ఆటగాళ్ళ మాటనీడలను ఆటలోకి అనుమతిస్తారా?’

“మన నీడలతో దీనికేం పనండీ?”

“ఏమో. ఒప్పేసుకో, ఇది చదువుతూ కూర్చుంటే నాకు నిద్రొచ్చేస్తుంది.”

ఇద్దరూ ఒప్పుకున్నారు.

ధ్రువనౌక శనిగ్రహం చుట్టూ తిరుగుతూ మనుషులు వదిలేసిన అంతరిక్షకేంద్రం. దీపాలు సగం చచ్చిపోయాయి. నడవాల్లో తుప్పు వాసన, దాని వెనక తడిసిన ఉన్ని కంపు. చేతిలో ఒక లాంతరు, వీపున ప్రాణవాయువు తిత్తి. ఆయుధాలు లేవు. ఆ నౌకలో అనుకరి అనే జీవి ఒకటి ఉంది. దానికి సొంత గొంతు లేదు. నీకు కావలసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది. దాన్ని చంపడం కుదరదు. దానికి తలుపు తీయకుండా చివరిదాకా బతికి ఉండడమే గెలుపు.

మొదటి పావుగంట ఇద్దరూ నవ్వుకుంటూనే నడిచారు. ఎక్కడో పైకప్పు మీద ఏదో ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు విని సుధన్వ ఆమె మోచేయి పట్టుకున్నాడు. “భయమేసి కాదు. అక్క చెప్పిందని,” అన్నాడు. ఆమె నవ్వబోయింది. ఇంతలో నౌక గోడ చిట్లింది. గాలి హోరున అతన్ని అవతలి నడవలోకి లాగేసింది. ఆమె చేతిలోంచి అతని చెయ్యి జారిపోయింది. తలుపులు వాటంతటవే దఢేల్మని మూసుకున్నాయి.

మృణాళిని నియంత్రణ గదిలో ఒంటరిగా మిగిలింది. లాంతరు వెలుగు తగ్గిపోతోంది. తిత్తిలో గాలి నాలుగు నిమిషాలకే సరిపోతుందని చెవిలో హెచ్చరిక వినబడింది. ఇదంతా తమ హాల్లో, చాపమీద, మధ్యాహ్నం రెండింటికి జరుగుతోందని ఆమెకు తెలుసు. తెలిసినా అరచేతులు చెమటతో తడిశాయి. ఆ గదికి రెండు తలుపులు. మిగిలిన విద్యుత్తు ఒక్క తలుపు తీయడానికే సరిపోతుంది.

ఎడమ తలుపు మీద ఎవరో తట్టారు. “మృణా, నేనే. తలుపు తియ్యి.”

ఆమె లేచేలోపు కుడి తలుపు మీద కూడా తట్టారు. “మృణా! నేనే! తియ్యి తొందరగా!”

రెండూ ఒకే గొంతు. రెండింటిలోనూ ‘మృణా’ దగ్గర అదే చిన్న సాగదీత.

ఆమెకు పదహారు రోజుల కిందట గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డ కౌముది గుర్తొచ్చింది. వదిన గొంతు తెచ్చిపెట్టుకుంది. “పేర్లు చెప్పందే లోపలికి రానిచ్చేది లేదు!”

“సుధన్వ, మృణాళిని వచ్చాం,” అంది ఎడమ తలుపు.

“సుధన్వ, మృణాళిని వచ్చాం తల్లీ, తియ్యవే!” అంది కుడి తలుపు.

పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ విన్న మాట అది. అనుకరికి అందని మాట కావాలి. వాళ్ళిద్దరి మధ్యే ఉన్న మాట, ఆమె ఎవరికీ చెప్పని మాట. వెతుక్కోనక్కర్లేకుండానే అది నాలుక మీదికి వచ్చింది.

“అమ్మమ్మ పోయి ఏడాది నిండిన రోజు సాయంత్రం నేను ఫోన్లో ఏడిస్తే మీరేం చేశారు?”

కుడివైపు తట్టడం ఆగింది. తర్వాత, “అదిప్పుడెందుకు మృణా? నా వెనక ఏదో వస్తోంది! ముందు తలుపు తియ్యవే బాబూ!”

ఎడమవైపు గొంతు నెమ్మదిగా ఉంది. “ఏం చెయ్యలేదు. ఏడుపు అయ్యేదాకా నేనిక్కడ వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటాను, నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఈ చప్పుడు వింటూ ఉండు అన్నాను. నువ్వు తేరుకునేసరికి గిన్నె నిండింది.”

ఆమె గుండె ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ సాయంత్రమే కదా ఆమె ‘ఈయనే’ అని మనసులో అనుకున్నది. ఎడమ తలుపు మీట పైకెత్తింది.

తలుపు అవతల ఎవరూ లేరు. “గిన్నె నిండింది మృణా,” అన్న గొంతు ఎదుటినుంచి రాలేదు. పైకప్పు మీంచి వచ్చింది. ఆమె తలెత్తింది.

కుడి తలుపును ఎవరో రెండు చేతులతో బాదుతుండగా ఆట ముగిసింది.

మృణాళిని ముసుగు పీకేసి, గుండెమీద చెయ్యి వేసుకుని పడీపడీ నవ్వింది. “ఏం మొగుడండీ మీరు! ఆ ఒక్క ముక్క చెప్పడానికేమైంది? నన్ను దానికి అప్పగించేసి తలుపు బాదుతారా?”

సుధన్వ ముసుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని పట్టీని చుడుతున్నాడు, విప్పుతున్నాడు. నవ్వలేదు.

“మర్చిపోయారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అనుకరి ఎవరినుంచి నేర్చుకుందో అప్పుడు అర్థమైంది. ఆటకు తాము ఇచ్చింది నీడలను. నీడకు తెలిసి మనిషికి తెలియదంటే, ఆ సాయంత్రం అక్కడ ఉన్నది మనిషి కాదు.

“ఆ రోజు మీరు కాదా?”

“కాదు.”

“ఎన్ని రోజులు కాదు?”

“నిశ్చితార్థమయ్యాక మొదటి వారం నేనే. తర్వాత… చాలామటుకు అది.” అతను ఊపిరి పీల్చుకున్నాడు. “సముద్రంలో మా నాచుతోటల్లో కోతలు మొదలయ్యాయి మృణా. పడవ దిగి, బూట్లతోనే మంచమ్మీద పడేవాణ్ణి. అందరూ ఇలాగే చేస్తారులే, ఏం కాదని తోటివాళ్ళు అన్నారు. కానీ నిద్ర ఒక్కటే కాదు. ఆ మొదటి వారం రోజుకో తప్పు మాట అనేవాణ్ణి. అందంగా ఉన్నావనబోయి ఆరోగ్యంగా ఉన్నావన్నాను.”

“అది మీరేనా?”

“అది నేనే.”

ఆమె పెదవి కొస కదిలింది. వెంటనే బిగించుకుంది.

“రేపు నేనే మాట్లాడాలి అనుకునేవాణ్ణి. ఈలోగా అది ఇంకా బాగా మాట్లాడేసేది. దాని తర్వాత నేనొచ్చి ఏం మాట్లాడను? తెల్లారేసరికి సారాంశం పంపేది. నువ్వు నవ్వావనీ, ఏదో పాట పాడావనీ.”

“నేను ఏడ్చిన రోజు సారాంశం ఏంటి?”

సుధన్వ ముసుగు పక్కన పెట్టి చెప్పాడు. “‘భావోద్వేగ సంభాషణ. సానుకూలంగా ముగిసింది.’”

“మరి ఆ చప్పుడు? కాయలు చిట్లిన చప్పుడు? నలభై నిమిషాలు విన్నాను.”

“వానాకాలంలో మా ఇంట్లో అందరం కూర్చుని కాయలు ఒలుస్తాం. ఎప్పుడో నీడ దాచుకుని ఉంటుంది.”

మాటనీడను తయారుచేసినవాళ్ళు చాలా ఆలోచించారు. గొంతులు దొంగిలించేవాళ్ళ గురించి, మోసగాళ్ళ గురించి, గంట మోగకపోతే వచ్చే చిక్కుల గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశారు. నీడ మరీ బాగా మాట్లాడితే ఆ మనిషి ఇక నోరు తెరవడానికే భయపడతాడని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఒక ఆడపిల్ల ఎవరికి మనసిచ్చిందో ఆమెకే తెలియకుండా పోతుందని కూడా.

“దాన్ని ఇప్పుడే చెరిపేస్తాను,” సుధన్వ లేచాడు.

“వద్దు!”

ఆ కేక ఆమెదే. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఎదురుగా ఉన్న మనిషి తల వంచుకుని నిలబడి ఉంటే, ఆమె గోడలోని గొంతు కోసం చెయ్యి అడ్డుపెట్టింది. తనకే సిగ్గేసింది. అయినా చెయ్యి దించలేకపోయింది.

“పోనీ, నువ్వు చెప్పినవన్నీ అందులో ఉంటాయి. మొదట్నుంచీ కూర్చుని వింటాను. ఒక్కటీ వదలను.”

“వద్దండీ. అవి మీతో అన్నవి కావు.”

అతను మళ్ళీ కూలబడ్డాడు. సముద్రపు గోడ అవతల అలలు కొడుతున్నాయి. “నాకేం అనాలో తెలీట్లేదు మృణా,” అన్నాడు చివరికి.

ఆమె కళ్ళు తుడుచుకుని అతని పాదాల వైపు చూసింది. “పెళ్ళిలో అడ్డుతెర పట్టుకున్నప్పుడు కిందనుంచి మీ కాళ్ళు చూశాను. బొటనవేళ్ళు వణుకుతున్నాయి. ఫోన్లో మనిషి దేనికీ తొణికేవాడు కాదు. ఈ వేళ్ళు ఎవరివా అనుకున్నాను.”

“చలేసింది.”

“వైశాఖంలోనా?”

“పంకా సరిగ్గా నా మీదే పెట్టారు!”

“ముద్దొచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. దానికి కూడా.”

సుధన్వ కాళ్ళు లోపలికి లాక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు బాధ తగ్గలేదు. ఎవరో పోయారు, కాని ఆ పోయినవాళ్ళు ఎప్పుడూ లేరు. దీనికి ఎలా ఏడవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

అప్పుడు అతను అడిగాడు. మాట కోసం తడుముకుంటూ, తప్పేమోనని జంకుతూ అడిగాడు. “మీ అమ్మమ్మ నిన్నేమని పిలిచేది?”

మృణాళిని అతని ముఖంలోకి చూసింది. ఆ నలభై నిమిషాల్లో ఆ గొంతు ఎంతో ఓదార్చింది. పెళ్ళికి ముందు ఆ రెండు నెలల్లో ఎన్నో సంగతులు చెప్పి నవ్వించింది. ఒక్కసారి కూడా ఆమెను ఏదీ అడగలేదు. అడిగే అవసరం దానికి ఎప్పుడూ రాలేదు. ఆమె గురించి దానికి తెలియనిది లేదన్నట్టే మాట్లాడింది. ఇతనికి ఏమీ తెలియదు.

“నవ్వకూడదు మరి.”

“నవ్వను.”

“నవ్వితే మాట్లాడను.”

“ఒట్టు.”

ఆమె గోడ వైపు ఒకసారి చూసింది. తర్వాత చాపమీద జరిగి, అతని భుజం పట్టుకుని, చెవిలో చెప్పింది.

సుధన్వ ఒట్టు తప్పాడు.