తలూపుడు డాక్టర్

పెద్దసారు ఏది అడిగినా ముందు ఊగేది అతని తలే. అందుకే గుండెజబ్బుల వార్డులో పోస్టింగ్ చేస్తున్న మెడికోలంతా అతన్ని "తలూపుడు డాక్టర్" అనేవారు. ఆ పేరు పెట్టినవాళ్ళూ తక్కువ తిన్నవాళ్ళేం కాదు లెండి.

ఆరోజు కిటికీ పక్క బెడ్ తాతగారి చుట్టూ మూగి, వంతులవారీగా స్టెతస్కోపు పెట్టి విన్నారు.

"లబ్‌డబ్ అయ్యాక సన్నగా ఓ గురగుర. వినపడిందా?" అన్నారు పెద్దసారు.

అతనికి వినపడితే ఒట్టు! అయినా తల ఊగింది. దాని వెనకాలే మిగతా తలలూ ఊగాయి.

"నాకు వినపడలేదు సార్."

వేరే కాలేజీ నుంచి ఆ వారమే వచ్చిన అమ్మాయి. అందరూ గిరుక్కున తిరిగి చూశారు.

"ఇంతమందికి వినపడింది, నీకొక్కదానికే వినపడలేదా? రేపటికీ వినపడకపోతే పోస్టింగ్ మళ్ళీ మొదట్నించి చేద్దువుగాని" అనేసి పెద్దసారు వెళ్ళిపోయారు.

ఆమె తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. "అందరికంటే ముందు మీకే వినపడింది కదా. కాస్త నేర్పించండి."

కుడితిలో పడ్డ ఎలకలా అయింది అతని పని.

సాయంత్రం బయట వాన. ఆమె స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టింది. "చల్లగా తగిలితే తాతగారు ఉలిక్కిపడతారండీ."

తనకెప్పుడూ ఆ ఆలోచనే రానందుకు అతనికి సిగ్గేసింది.

"ఇక్కడ పెట్టండి. లబ్‌డబ్ అయ్యాక... గుర్ర్..."

"లేదే."

"వాన చప్పుడండీ, అందుకే."

తాతగారు కిసుక్కున నవ్వారు. "వాన మీదికి నెట్టేశావా బాబూ? మరి పొద్దున ఎండే కదా!"

ఆమె నవ్వలేదు. "లోపం నా చెవుల్లోనే ఉందేమో. గుండె వినలేనిదాన్ని డాక్టర్నెలా అవుతాను?" అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఆ పూట అతనికి ముద్ద దిగలేదు. అబద్ధం తనది, శిక్ష ఆమెకి. చెబితే పరువూ పోస్టింగూ రెండూ పోతాయి. చెప్పకపోతే ఇక ఆమె ముఖం ఎలా చూడ్డం?

మర్నాడు రౌండ్స్‌లో పెద్దసారు నోరు తెరవకముందే అనేశాడు. "సార్, నిన్న నాకూ వినపడలేదు. అబద్ధం చెప్పాను. నిజం చెప్పింది ఆవిడొక్కరే."

మిగతా తలలన్నీ నేలచూపులు చూశాయి.

"వెల్లకిలా పడుకోబెడితే అది నాకే సరిగ్గా వినపడదయ్యా!" అన్నారు పెద్దసారు. "వినపడలేదంటేనే కదా, ఎడమపక్కకి తిప్పి వినమని నేర్పేది! నిన్న ఈ అమ్మాయిని గద్దించింది కూడా, మీలో ఇంకొక్కరైనా నిజం ఒప్పుకుంటారేమో చూద్దామనే. ఈ అమ్మాయి పాస్. తలలూపిన వాళ్ళంతా మళ్ళీ చెయ్యండి. నువ్వూ చెయ్యాలి, కానీ నీమీద నాకు నమ్మకం కుదిరింది."

తాతగారు ఎడమపక్కకి ఒత్తిగిలారు. అతను తన స్టెతస్కోపుని అరచేతిలో వెచ్చబెట్టి ముందు ఆమెకిచ్చాడు.

"వినపడింది!" ఆమె ముఖం విప్పారింది. తర్వాత అతనూ విన్నాడు. ఎక్కడో దూరంగా బండి వెళ్తున్నట్టు, నిజంగానే గురగుర.

వార్డు బయట ఆమె ఆగింది. "నిన్న ఎందుకు తలూపారు?"

"మీరు చూస్తున్నారని."

"మరి ఇవాళ ఎందుకు నిజం చెప్పారు?"

"మీరు చూస్తున్నారనే."

ఆమె స్టెతస్కోపు మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "కాఫీకి వస్తారా?"

అతని తల ఊగింది.

"తలూపుడు వద్దు. నోటితో చెప్పండి."

"వస్తానండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

"కాఫీ గురించే కదా అడిగాను!" అంది. ఈసారి మాత్రం నవ్వింది.