మూత లేని డ్రమ్ము

సోమవారం ఉదయం 6.40. గిన్నెలు తోమే లిక్విడ్ తయారుచేసే ఫ్యాక్టరీ. డ్రమ్ముల గదిలో మేస్త్రీ శవం.

మూతలు తిప్పే ఇనుప స్పానర్‌తో తలమీద మూడు దెబ్బలు. దవడ విరిగింది. ఒక పన్ను కాలువ జాలీలో ఇరుక్కుంది. నేలమీద మాత్రం నెత్తురు లేదు. నురగ ఉంది.

సీసాలు నింపే ఆవిడను స్టేషన్‌కు తీసుకెళ్ళారు. నెల రోజులుగా ఆమె వేళ్ళు పగిలి రసి కారుతున్నాయి. శనివారం అందరి ముందూ మేస్త్రీని నిలదీసింది. ఆయన తలెత్తలేదట.

బుధవారం ఇన్‌స్పెక్టర్ ఆమెనూ స్టోర్ కీపర్‌నూ అదే గదికి రప్పించాడు.

"కొట్టింది నువ్వేనా?"

"నా బొత్తాలు మా అమ్మాయి పెడుతోంది సార్. స్పానర్ ఎత్తుతానా?"

లోపం సరుకులో లేదు, కొందరి చర్మానికి పడదంతే అన్నాడు స్టోర్ కీపర్. తనకూ పోయినేడు చేతులు పొక్కాయట. అప్పట్నుంచీ గ్లవ్స్ లేకుండా ఆ లిక్విడ్ ముట్టలేదట. చెబుతూనే మోచేతిని బల్ల అంచుకు రాసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ లిక్విడ్‌లో కలిపే నురగ సరుకు డ్రమ్ములు చూశాడు. మూడింటికి సీలుంది. నాలుగోదానికి మూతే లేదు.

"సోమవారం డాక్టర్ ఈ డ్రమ్ముల్లోని సరుకు అద్ది ఈవిడ వీపుకు రెండు పట్టీలు వేశాడు. సీలున్న డ్రమ్ములోది ఏమీ చెయ్యలేదు. మూత లేనిది ఇవాళ్టికి పొక్కించింది. నెలల తరబడి గాలి తగిలితే ఈ సరుకు విరిగి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. ఒకసారి పడనివాడికి, మళ్ళీ తగిలితే రెండో రోజుకు పొక్కుతుంది. చొక్కా చేతులు మడవండి."

స్టోర్ కీపర్ కదల్లేదు. కానిస్టేబుల్ మడిచాడు.

అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. మణికట్టు దగ్గర, గ్లవ్ ఆగినచోట గీత గీసినట్టు మొదలై, మోచేతుల దాకా కొత్త పొక్కులు.

"వంగి ఈ డ్రమ్ములోదానితోనే నెత్తురు కడిగారు. నురగ గ్లవ్స్ దాటింది."

"డ్రమ్ము పారబోద్దామన్నాడు మేస్త్రీ. మూత తీసి ఉంచింది నేనే. నా ఉద్యోగం పోతుందన్నా వినలేదు."

"మొదటి దెబ్బకే పడిపోయాడుగా?"

"పడ్డాడు. లేవబోయాడు."

బేడీలు పొక్కుల మీదే పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చిన్న సీసా తీశాడు. మేస్త్రీ బిగించిన పిడికిట్లో దొరికింది. చీటీ మీద ఆయన చేతిరాత: "మూత లేని డ్రమ్ము. పదకొండు నెలలు. ఆమె చెప్పింది నిజమేమో, పరీక్ష చేయించాలి."

ఆమె చదివింది. సీసా అందుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు. రెండు మణికట్ల మధ్య పట్టుకుంది.

"నాతో ఒక్క మాట అనలేదు," అంది.