కంపు కొట్టని ఇల్లు

ఆ ఇంటి అరుగు మీద కుక్క కూడా పడుకోదంటారు. రెండేళ్లుగా ఖాళీ. అయినా రాత్రయితే లోపల నీళ్ల చప్పుడు...

దెయ్యాల కొంపన్న పేరు పడబట్టే అది మా అక్కకి అందే ధరకి దిగింది. వాళ్లుండే అద్దింటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఇది చేజారితే ఇక సొంతిల్లన్న మాట మర్చిపోవాల్సిందే. అక్క చెప్పింది చెప్పినట్టే చెప్తున్నా.

కొనేముందు ఇళ్లు చెక్ చేసే ఆయన్ని అక్కా బావా తీసుకెళ్లారు. ఆయనకి తీరికయ్యేసరికి చీకటి పడిపోయింది. తాళంచెవి పక్కింటి పిన్ని దగ్గర ఉంటుంది. ఆవిడ తలుపు తీసింది గానీ గడప దాటలేదు. లోపలికి నేను రాను, మీరే చూసుకోండని గొణిగింది.

ఆయన బాత్రూంలో మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు పోయే జాలీ దగ్గర ముక్కు పెట్టాడు. లేచాడు. వంటింట్లో సింక్ కింద దూరాడు. అక్కడా వాసన చూశాడు... మళ్లీ చూశాడు.

బావ ఆగలేక, కంపు కొడుతోందా అని అడిగాడు.

"కొట్టట్లేదు — అదే తేడాగా ఉంది."

పైపు వంపులో కాసిని నీళ్లు నిలబడి మురుగు వాసనని ఆపుతాయట. వాడకపోతే అవి ఆరిపోతాయి. రెండేళ్ల ఖాళీ ఇల్లు ముక్కు మూసుకునేట్టు ఉండాలి. ఇక్కడ రెండు చోట్లా వంపులో నీళ్లున్నాయి.

బాత్రూంలో టార్చి తిప్పాడు. గూట్లో సబ్బు... ఇంకా మెత్తగా ఉంది.

తాళంచెవి ఒక్కరి దగ్గరే కదా. అక్క టార్చి లాక్కుని గుమ్మం వైపు వేసింది.

పిన్ని జుట్టు తడిగా ఉంది.

"మా ఇంట్లో తొమ్మిదిమందిమి, ఒకటే బాత్రూం. సబ్బు రాసుకునేలోపే తలుపు బాదేస్తారు... ఇక్కడెవరూ బాదరు కదమ్మా."

జనం దెయ్యమంటే తను కాదనలేదట, అంతే.

అక్కకి నవ్వాగలేదు. మేమొచ్చాక కూడా నీ స్నానం ఇక్కడే పిన్నీ అంది. అందరూ బయటికొస్తుంటే ఆయన ఊరికే అడిగాడు — గిన్నెలు కూడా ఇక్కడే తోముతారా అని.

పిన్ని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"వంటింట్లోకా... నేనెప్పుడూ అటు వెళ్లలేదే."

అక్క కొనేసింది. ఇంకెక్కడికి పోతుంది?

ఇప్పుడు రాత్రిళ్లు ఎంగిలి గిన్నెలు సింక్‌లో పడేసి పడుకుంటుంది. పొద్దున్నకి కడిగి, బోర్లించి ఉంటాయి. అక్కే కడుగుతోందని బావ అనుకుంటున్నాడు. మొన్న వంటింట్లో నిలబడి, ఎవరు కడుగుతున్నారే అని నేనడిగితే — గబుక్కున నా నోరు మూసింది.

"మెల్లగా అనరా... వింటే మానేస్తుంది."