కమల కాళ్ళ మీది ఎండ

ముందువెనకలు తారుమారు చేస్తానేమో. ఈ మధ్య మతిమరుపు. అందుకే గుర్తున్నప్పుడే రాస్తున్నాను. అది రెండు వేల ఆరో, ఏడో.

ఛత్రినాకలో మా పాత ఇంటి ముఖానికి మా కొడుకు లక్ష్మీకాంత్ సోలార్ పలకలు బిగించాడు. వాడిది ఇన్వర్టర్ల దుకాణం. "ఇల్లే మన బోర్డమ్మా" అన్నాడు. నీలి పలకలను నెమలి పురి విప్పినట్టు పేర్చాలి. పురి మధ్యలో మేడ మీది కిటికీ అడ్డొచ్చింది.

ఆ కిటికీ కింద మా ఆడపడుచు కమల మంచం. నడుము కింద చచ్చుబడిన మనిషి. రోజూ మధ్యాహ్నం కాళ్ళకు నువ్వుల నూనె రాసుకుని ఎండలో చాపుకునేది. ఆమెకున్న సుఖం అదొక్కటే.

"వదినా, జర ఎండ ఉంచుండ్రి. కాళ్ళు సల్లవడ్తయి."

"చచ్చిన కాళ్ళకు చలేందే?" అన్నాను.

లక్ష్మీకాంత్ నవ్వాడు. "బల్బు పెడ్తున్న గద అత్తమ్మా. గది గూడ ఎండే!"

కిటికీ మీది పలకకు మరలు బిగుస్తుంటే గదిలో వెలుగు సన్నబడి, దారమంతై, తెగిపోయింది. కమల ఏడవలేదు. నూనె రాసిన కాళ్ళు అట్లే చాపుకుని కూర్చుంది. మూడు నెలలకు పోయింది.

దినాలు కాగానే ఇంట్లో బల్బులన్నీ మసకబారాయి. మెకానిక్ భిక్షపతి మిట్టమధ్యాహ్నం నిచ్చెన ఎక్కి మీటరు పెట్టాడు.

"అన్నా, ఒక్క పలక మీద నీడ వడ్డా అన్నీ డల్లయితయి. కిటికీ మీది దానికి ఎండ తగుల్తలేదు."

"కండ్లు గిట్ల పోయినయా భిక్షపతీ? ఎదురుంగ ఎండే గద!" అన్నాడు లక్ష్మీకాంత్.

భిక్షపతి ఆ పలక అద్దం మీద చెయ్యి పెట్టాడు. వెంటనే లాక్కున్నాడు.

"సల్లగుంది..."

వేళ్ళు వాసన చూసుకున్నాడు. నువ్వుల నూనె.

పలక మార్చారు. కొత్తదీ అంతే. చివరికి తీసేసి, కిటికీ తెరిచారు. గదంతా ఎండ పరుచుకుంది.

మంచం మీద కాళ్ళు చాపే చోట మాత్రం... పడలేదు.

నిరుడు నేను మెట్ల మీద జారిపడ్డాను. తుంటి విరిగింది. కోడలు అమృత, "ఆ గదిల ఎండ మంచిగొస్తది అత్తమ్మా" అని నన్ను ఆ మంచం మీదికే మార్చింది. వద్దన్నాను. మొత్తుకున్నాను. "పెద్దతనంల గీ లొల్లేంది?" అంది.

ఇప్పుడు మధ్యాహ్నం. దిండు మీద ఎండ. ఈ కాగితం మీద ఎండ. నా కాళ్ళ మీద లేదు. అవి చల్లగా ఉన్నాయి... జిడ్డుగా ఉన్నాయి. నూనె రాసింది తాను కాదంటుంది అమృత.

స్రవ్యా, నా మనవరాలివి కదా, పేర్లు నువ్వొకసారి సరిచూడు. కింద సంతకం కూడా చూడు. నేనే చేశాను.

నా పేరే, శారదాంబ అనే ఉందా?