వంతెన మీద వయొలిన్

"శవాల వ్యాను తోలగలవా?" అని అడిగాడు చీఫ్.

"ఇన్నేళ్లుగా ఈ దేశంలో అందరం చేస్తున్నది అదేగా సార్," అన్నాడు ఏజెంట్ దర్జీ. సూది దూరే సందు దొరికితే చాలు, తనూ దూరిపోతాడని ఆఫీసులో అతనికి ఆ పేరు పెట్టారు.

చీఫ్ నవ్వలేదు. మ్యాప్ పరిచాడు. మధ్యలో నది, దాని మీద వంతెన. ఇటు మనవాళ్లు. అటు, మొన్నటిదాకా మనవాళ్లే.

"రేపు మధ్యాహ్నం అవతలివాళ్లు మన శవాలు అప్పగిస్తారు. సైరన్ మోగగానే ఇద్దరు జనరల్సూ నడివంతెన మీద టోపీలు తీస్తారు. కాల్పుల విరమణ పొడిగిస్తారు. కానీ ఒక పెట్టెలో శవం ఉండదు."

"బాంబా?"

"గద్ద ముఠా పని. విదేశీయులు. రెండు వైపులకీ తుపాకులు అమ్మేది వాళ్లే. శాంతి వస్తే దుకాణం కట్టెయ్యాలిగా. టోపీలు తీసే వేళకి అది పేలితే మనం వాళ్లనంటాం, వాళ్లు మననంటారు. సాయంత్రానికి మళ్లీ మొదలు."

"ఏ పెట్టె?"

"వయొలిన్ చెబుతుంది. ముఠాలో మన డబుల్ ఏజెంట్. 'గాలి ఎటు నుంచి?' అని అడుగు. 'రెండు వైపుల నుంచీ' అంటే ఆమే." అతని చేతికి ఒక గడియారం కట్టాడు. "డిటెక్టర్. పేలుడు మందు దగ్గర అదురుతుంది."

మర్నాడు దర్జీ ఖాకీ చొక్కా, పెట్టుడు మీసంతో వంతెన మీద వ్యాను ఆపాడు. ఒడ్డున సగం కూలిన మేడలో ఎవరిదో చొక్కా ఇంకా హ్యాంగర్‌కి వేలాడుతోంది. రెండు ఒడ్డుల మీదా సైనికుల వేళ్లు ట్రిగ్గర్ల మీదే ఉన్నాయి.

అవతలి వ్యాను వచ్చింది. పెట్టెలు వరసగా దించారు. ముందు సీట్లోంచి ఒకామె దిగింది. నల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్, హైహీల్స్. సైనికులు ఒక్క క్షణం తుపాకుల సంగతే మరిచిపోయారు.

"గాలి ఎటు నుంచి మేడమ్?" తల దించుకునే అడిగాడు.

"రెండు వైపుల నుంచీ."

ఆ గొంతుకి తలెత్తాడు. వదిన. అన్నని కాటికి సాగనంపాక మళ్లీ కనిపించని వదిన.

"మీసం నప్పలేదు, చిన్నోడా."

"ఏ పెట్టె వదినా?"

"ముందు నువ్వు చెప్పు. మీ అన్నకి తగిలిన తూటా ఎవరిది?"

"తెలీదు. ఇటు అడిగాను, అటు అడిగించాను. ఎవరికి వాళ్లు మాది కాదన్నారు."

"తెలిస్తే ఒక్క వైపునే తిట్టుకుంటూ బతికేదాన్ని."

"పేలితే నువ్వూ పోతావు."

"అదీ ఆలోచించుకునే వచ్చాను."

ఆమె మొహం తిప్పుకుంది. దర్జీ పెట్టెల వెంట నడిచాడు. మొదటి పెట్టె దగ్గర గడియారం అదిరింది. రెండోదాని దగ్గరా అదిరింది. చివరిదాకా అదురుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది. వీళ్లందరి ప్రాణం తీసింది ఆ మందే. ఒళ్లంతా అదే.

బాంబు అని అరిస్తే చాలు, రెండు వైపులా కాల్పులు మొదలవుతాయి. జనరల్స్ దగ్గరికొచ్చేశారు.

అతని చూపు తాళ్ల మీద పడింది. ఈ యుద్ధంలో పెట్టెలకి ఎవరూ మేకులు కొట్టరు. శవాలు తారుమారైన రోజులున్నాయి కనక ఇంటివాళ్లు మూత తీసి మొహం చూసుకుంటారు. వణికే చేతులకి ఒక్క లాగుకే ఊడేలా జారుముడి వేస్తారు. ఆ ఒక్కటీ రెండు వైపులా ఒకేలా వేస్తారు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. అన్న పెట్టె ముడి లాగింది వదినే. అది అంత తేలిగ్గా ఊడిపోతుందని ఆమె అనుకోలేదు.

చివరి పెట్టెకి మాత్రం ఎవరో బయటివాడు ముడి మీద ముడి వేసి, గట్టిగా బిగించి, కొసలు నీటుగా కత్తిరించాడు.

దర్జీ పెట్టెని ఒక చివర పట్టి లేపాడు. రెండో చివర కదల్లేదు. సైరన్ అందుకుంది.

"వదినా, ఒక చెయ్యి వెయ్యి." ఇంట్లో మంచం జరపాలన్నట్టు అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. ఆ ముడిని చూసింది. హైహీల్స్ విదిలించి, వంగి, పట్టింది.

విరిగిన రెయిలింగ్ సందులోంచి పెట్టె నదిలో పడింది. నది లేచి వంతెన మీద కురిసింది. జనరల్స్ నేలకి అంటుకుపోయారు. రెండు వైపులా తుపాకులు లేచాయి.

వదిన తడిసిన బట్టలతోనే పక్క పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇళ్ల దగ్గర చూస్తుంటారు. తీసుకెళ్లండయ్యా."

ముందు ఎవరో ఒక తుపాకీ దించారు. తర్వాత ఇంకొకరు.

సాయంత్రం చీఫ్ అడిగాడు. "వయొలిన్ ఎటెళ్లింది?"

"చూడలేదు సార్," అన్నాడు దర్జీ. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

"సరే. మన సైన్యం నుంచి కంప్లెయింట్ వచ్చింది. అవతలివాళ్లు ఒక శవం తక్కువ ఇచ్చారట."

దర్జీ మీసం పీకి బల్ల మీద పెట్టాడు.

"శవం తక్కువైందని ఈ యుద్ధంలో ఎవరైనా గొడవపడటం ఇదే మొదటిసారి సార్."