ముందు చెప్పు, తర్వాతే నీళ్ళు

పాత కాగితాలు దాచే ఆ ఆఫీసులోకి రెండే రెండు రాకూడదు. ఒకటి నీళ్ళు, రెండోది సిరా. నీళ్ళ సీసాని సంచితో సహా గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చేసి రావాలి. లోపల రాసుకోవాలంటే పెన్సిలే. ఆ కాగితాల మీద ఒక్క చుక్క పడినా ఇక అంతే సంగతులు.

చదువు మధ్యలో వదిలేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న పిచ్చుకని అక్కడ పనిలో పెట్టించింది బాబాయే. రోజంతా కిచకిచలాడుతుందని ఆ పేరు పెట్టిందీ ఆయనే. అమ్మానాన్న పోయాక ఆ పిల్లకి దిక్కూ మొక్కూ బాబాయీ, పిన్నీ.

ఆ వారం ఇద్దరూ కలిసి పంతొమ్మిదో శతాబ్దపు ప్రొఫెసర్ ఒకాయన కాగితాలు సర్దుతున్నారు. మహా పండితుడట. ఊరి చరిత్ర మొత్తం ఆయన రాసిందేనట. మునిమనవళ్ళు రేకు పెట్టెలు దించేసి, పీడా పోయిందన్నట్టు చేతులు దులుపుకుని వెళ్ళారు. ఒక్కో కట్టా ఒక్కో ముసలి మనిషి చెప్పిన కథ. అందరూ చావు మంచం మీద చెప్పినవాళ్ళే. పోయేవాళ్ళు అబద్ధమాడరని ఆయన నమ్మకం.

"భలే ఉన్నాయి బాబాయ్. కానీ ఒక్క కథా పూర్తవదేంటి?"

బాబాయి కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, కట్టలో చివరి కాగితం అంచు చూపించాడు. చీమ తలకాయంత అక్షరాలు. 'నీళ్ళు అడిగింది. ముందు చెప్పు, తర్వాతే నీళ్ళు అన్నాను. చెప్పింది.' ఇంకో కట్టలో, 'నీళ్ళు తాగితే నిద్రపోతాడు. ఇవ్వలేదు.'

"ఛీ! మనిషా, పశువా?"

"పశువుని ఎందుకే తిడతావు? దానికి చరిత్ర పిచ్చి లేదుగా."

ఇక రోజంతా బాబాయికి అదే ఆట. బీరువా వెనక నక్కి, గొంతు ఎండగట్టి, "తల్లీ... నీళ్ళు..." అనేవాడు. మొదటిసారి పిచ్చుక కెవ్వుమంది. తర్వాత్తర్వాత తనూ అందుకుంది. "ముందు చెప్పు, తర్వాతే నీళ్ళు!" ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

సాయంత్రం కట్టలన్నీ పురుగుల గదికి చేర్చారు. కిటికీ కూడా లేని గది. కాగితాలు తినే పురుగులు చావడానికి అందులో మందు పెట్టి, తలుపు మూసి, గాలి పోకుండా సందుల మీద కాగితం పట్టీలు అంటిస్తారు. మర్నాటిదాకా తియ్యకూడదు. మూసే ముందు అరల వెనక్కి వెళ్ళి చూసి రావాలన్నది రూలు.

"మూసేసి రా. నేను పోతున్నా, మీ పిన్ని ఎదురుచూస్తుంటుంది," అంటూ బాబాయి మెట్లు దిగాడు.

పిచ్చుక జిగురు డబ్బా కోసం పక్క గదికి వెళ్ళి వచ్చింది. మందు మూత తీసింది. ఘాటు ముక్కుకి పట్టేసింది. కొంగు అడ్డం పెట్టుకుని గడప దగ్గర్నించే, "ఎవరైనా ఉన్నారా?" అని ఓ కేకేసింది. ఎవరుంటారు? అరల వెనక్కి వెళ్ళలేదు. గడియ పెట్టింది. పట్టీలు అంటించింది.

ఆఖరి పట్టీ నొక్కుతుంటే...

"తల్లీ... నీళ్ళు..."

పిచ్చుక నవ్వుతూ వెనక్కి తిరిగింది. "ఇంక చాలు బాబాయ్!"

వరండాలో ఎవరూ లేరు. మెట్ల మీదా లేరు.

గొంతు తలుపు లోపల్నించి వస్తోంది. బాబాయి గొంతులా లేదు. ఎండుటాకులు నలిపినట్టుంది.

"ఎవరు?" అంది గుసగుసగా.

"నీళ్ళిస్తే... చెప్తా..."

అప్పుడు పిచ్చుక నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. అనాలనుకోలేదు. అనేసింది.

"ముందు చెప్పు."

గొంతు చెప్పడం మొదలెట్టింది. ఈ గోడలు లేవకముందు ఇక్కడ ఏముండేదో చెప్పింది. ఎవర్ని ఎవరు చంపారో, ఎక్కడ పూడ్చారో చెప్పింది. ఏ కట్టలోనూ లేని సంగతులు. పిచ్చుక తలుపుకి చెవి ఆనించి చతికిలబడిపోయింది. చెప్పేవాళ్ళకి దాహం, వినేదానికి ఆకలి.

"తర్వాత?"

"నీళ్ళు..."

"తర్వాత?"

మధ్యలో ఒక్కసారి, "పిచ్చుకా... కళ్ళజోడు కోసం వచ్చానే... నిన్ను భయపెడదామని దాక్కున్నా... తియ్యవే..." అంది గొంతు.

చెయ్యి గడియ దాకా వెళ్ళింది. చెయ్యి వెళ్ళింది గానీ...

"తర్వాత?" అంది నోరు.

లోపల గోళ్ళతో తలుపు గీకిన చప్పుడు. దగ్గు. మళ్ళీ కథ. ఒక మాట సగంలో తెగిపోయింది. ఇంక ఏమీ లేదు.

మెట్లెక్కి వాచ్‌మన్ వచ్చాడు. చేతిలో బాబాయి సంచి.

"ఇదేంటమ్మా, మీ బాబాయి సంచి తీసుకోలేదింకా. ఎక్కడున్నాడు? నువ్వెవరితో మాట్లాడుతున్నావు?"

తలుపు తీసేసరికి బాబాయి గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు. గోళ్ళు లేవు. ఒళ్ళో కొత్త కట్ట ఒకటి. పై కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలు, ఇంకా తడిగా. 'నీళ్ళు అడిగాడు. ఇవ్వలేదు. చెప్పాడు.'

వాచ్‌మన్ కేకలు పెడుతూ కిందికి పరిగెత్తాడు. పిచ్చుక కదల్లేదు. తన కుడి చేతినే చూసుకుంటోంది. పెన్ను కూడా రానివ్వని ఆ ఆఫీసులో, మూడు వేళ్ళకీ నల్లటి సిరా.

మందు గదిలో పొరపాటున ఇరుక్కున్నాడన్నారు అందరూ. పాపం, రోజుల పిల్లలా ఏడ్చింది పిచ్చుక. సబ్బుతో, రాయితో తోమితే సిరా పోయింది. చర్మం కూడా పోయింది.

బాబాయిని సాగనంపి అందరూ వెళ్ళిపోయాక, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిన్ని మంచం మీద కళ్ళు తెరిచింది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

"కాసిని నీళ్ళివ్వవే తల్లీ..."

పిచ్చుక లేచి గ్లాసు నిండా నీళ్ళు ముంచుకొచ్చింది. పిన్ని చెయ్యి చాచింది. ఆ చేతికి జానెడు అవతల గ్లాసు పెట్టి, మంచం పక్కన కూర్చుంది.

నీళ్ళలో నల్లటి తీగ ఒకటి మెల్లగా విచ్చుకుంటోంది. గ్లాసు పట్టుకున్న వేళ్ళ దగ్గర్నించి.

"బాబాయిని మొదటిసారి ఎక్కడ చూశావు పిన్నీ?" అంది పిచ్చుక, ఎంతో ప్రేమగా. "ముందు చెప్పు."